పరిశోధనపద్ధతి బోధన : కంప్యూటరు విద్యార్థుల పాఠ్యక్రమముపై ఒక విమర్శ

బెంగుళూరు పాతపట్టణమున చిక్కపేట సమీపమున నున్న బళేపేట సంగీతవాద్యముల యంగళ్లకు పేరొందినది. కన్నడమున బళె యనగా గాజు. గాజులపేరు గల పేటలో నేడు వీణలు, తంబురలు, మృదంగములు, హార్మోనియములు బారులు తీరి యుండుట కాలము తెచ్చిన మార్పు. అచ్చట వీణ కొనవచ్చిన విద్వాంసుడు అంగడివాని మాట విని సొమ్ము చెల్లింపడు. తంత్రి మీటును, మెట్టు మెట్టునకు స్వరము సరిచూచును, ప్రక్కనున్న వేఱొక వీణతో పోల్చును, శ్రుతిపెట్టె ముందుంచుకొని మఱల మీటును. వాద్యము తన మనస్సునకు నచ్చుట వేఱు, అది స్వరస్థానమున పలుకుట వేఱు అని యతడెఱుగును. ఆ బేరములు కన్నడమున, తెలుగున, తమిళమున, హిందీలో సాగును. ఒక్క వాక్యములోనే రెండు భాషలు కలియుటయు అచ్చట వింత గాదు. 2011 జనాభా లెక్కల ననుసరించి బెంగుళూరు నగర జిల్లాలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 14 మంది.

ఇట్టి వీధులలో పలుకబడు తెలుగును యంత్రము విని వ్రాయగలదని నేడు పలు సంస్థలు చాటుచున్నవి. చేతి ఫోనునెదుట పలికిన మాట అక్షరములై తెరపై నిలుచుటయు నిజమే. తమ చాటింపునకు ఆధారముగ వారొక అంకెను చూపుదురు: నూఱు పదములలో ఇన్ని తప్పులు. ఆ అంకె ఎవరి పలుకుమీద, ఏ వాక్యములమీద, ఏ కొలమానముతో వచ్చినదని అడుగవలసినవారు ఎవరు? భాషాభిమానులు అడుగవచ్చును గాని, జవాబును పరీక్షించు సాధనము వారిచేత లేదు. ఆ సాధనము చేతగలవారు ఇదే నగరపు కళాశాలలలో కంప్యూటరు శాస్త్రము చదువుచున్న యువకులు, యువతులు. వారిలో తెలుగిండ్ల బిడ్డలును అనేకులు. వారికి పరిశోధనపద్ధతి యను పేర నొక పాఠము నిర్బంధముగ చెప్పబడుచున్నది. ఆ పాఠము వారిచేత ఈ ప్రశ్న నడిగింపగలదా యనునదే ఇచ్చట విచార్యాంశము.

పరిశోధనపద్ధతి ప్రత్యేక పాఠ్యాంశముగ దేశమంతట నిర్బంధమగుట ఇటీవలి సంగతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో వెలువరించిన నిబంధనలు, డాక్టరేటునకు పూనుకొనువారు ముందుగ ఒక సెమిస్టరైనను తరగతి పాఠములు చదువవలెననియు, అందు పరిశోధనపద్ధతి తప్పక యుండవలెననియు శాసించినవి. ఆ పాఠమున పరిమాణాత్మక పద్ధతులును కంప్యూటరు వినియోగమును చేర్చవచ్చునని సూచించినవి. 2016 నిబంధనలు దానికి కనీసము 4 క్రెడిట్లు కేటాయించినవి. 2019లో పరిశోధన, ప్రచురణల నీతిని గూర్చిన 30 గంటల పాఠమొకటి తోడయ్యెను. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన ఆదర్శ పాఠ్యప్రణాళిక ఎం.టెక్. తరగతులకు పరిశోధనపద్ధతిని మేధాసంపత్తి హక్కులతో ముడివేసి యొకే పాఠ్యాంశముగ నిచ్చెను. తెలుగునాట సాంకేతిక విశ్వవిద్యాలయములలోను ఆ జంటపేరే కానవచ్చును. కర్ణాటకమున విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయము మఱియొక యడుగు వేసి, ఆ జంటను బి.ఇ. అయిదవ సెమిస్టరునకే దింపినది. ఇరువదియేండ్ల విద్యార్థికి పరిశోధనమును పరిచయము చేయవలెనను ఆ సంకల్పము మెచ్చదగినదే.

అయితే ఆ పాఠ్యపత్రమును విప్పి చదివినచో లోపము తేటపడును. 2022 ప్రణాళికలోని ఆ పాఠ్యాంశము ఐదు భాగములు. మొదటి భాగమున పరిశోధన మననేమి, దాని ప్రయోజనములెవ్వి, రకములెన్ని, పరిశోధకుని నీతి యెట్టిది యను విషయములు. రెండవ భాగమున పూర్వగ్రంథములను వెదకుట, చదువుట, ఉదాహరించుట, ఋణము నంగీకరించుట. తక్కిన మూడు భాగములును పేటెంట్లు, గ్రంథస్వామ్యము, వ్యాపారచిహ్నములు, పారిశ్రామిక రూపకల్పనలు, భౌగోళిక గుర్తింపులు. అనగా కనుగొనుటకు రెండు పాళ్లు, కనుగొన్నదానిని కాపాడుకొనుటకు మూడు పాళ్లు. తిరుపతి లడ్డునకు భౌగోళిక గుర్తింపు ఎట్లు లభించినదో తెలిసికొనుట ఆంధ్రులకు ఇంపైన విషయమే. కాని ఒక ప్రోగ్రాము వేఱొకదానికంటె వేగమైనదని నిశ్చయించుట ఎట్లో ఆ విద్యార్థికి ఆ పత్రమున ఏ భాగమును చెప్పదు. ప్రయోగమును నిర్మించుట, కొలతలోని పొరపాటును అంచనావేయుట, రెండు ఫలితములను న్యాయముగ పోల్చుట, ఒకరు చేసినదానిని మఱియొకరు తిరిగి చేసి చూచుట, ఇవి విడి శీర్షికలుగ లేవు. అన్ని ఇంజనీరింగు శాఖలకు నొకే పత్రమగుటచే వంతెనలు కట్టువానికిని ప్రోగ్రాములు వ్రాయువానికిని ఒకటే పాఠము.

పై తరగతులలో విరివిగ వాడబడు గ్రంథము సి. ఆర్. కోఠారిగారిది. 1985లో తొలిసారి వెలువడిన ఆ గ్రంథము వాణిజ్య, సాంఘికశాస్త్రముల విద్యార్థులకు తరతరములుగ ఉపకరించినది. సమస్యానిర్ణయము, ప్రతిచయనము, ప్రశ్నావళి, కొలబద్దలు, కై-వర్గ పరీక్ష, విచలన విశ్లేషణము, నివేదికారచన, అన్నియు అందు క్రమముగ నున్నవి. దానిని తప్పుపట్టుట న్యాయము గాదు. ఆ గ్రంథము ఉద్దేశించిన పాఠకుడు వేఱు. దాని కడపటి అధ్యాయము పరిశోధనలో కంప్యూటరు పాత్రను గూర్చినది. అందు ద్వ్యంశమాన సంఖ్యాపద్ధతియు వివరింపబడినది. యంత్రమును సాధనముగ వాడువారికి ఆ యధ్యాయము అవసరమే. యంత్రమునే పరిశోధ్యవస్తువుగ పెట్టుకొన్న విద్యార్థి దానిని చదువునపుడు, కమ్మరికి సమ్మెట యనగా నేమో చెప్పినట్లుండును. నిధుల సంఘపు నిబంధనలలో కంప్యూటరు వినియోగ మను మాట కానవచ్చుటయు ఇట్టిదే. సాధనము వేఱు, శాస్త్రము వేఱు అను భేదము ఆ నిబంధనలలో పాటింపబడలేదు.

కంప్యూటరు శాస్త్రమున పరిశోధన ఒకే తీరుది గాదు. ఒక పరిశోధకుడు గణితజ్ఞునివలె ప్రమేయమును నిరూపించును. అతనికి ప్రశ్నావళితో పనిలేదు. ఒకడు ఇంజనీరువలె నూతన వ్యవస్థను నిర్మించును. అది పనిచేయుననుటకే గాక పాతదానికంటె ఏ విషయమున మేలో చూపవలసినవాడు. ఒకడు ప్రకృతిశాస్త్రజ్ఞునివలె యంత్రప్రవర్తనమును కొలుచును. ఒకడు మానవులు యంత్రమునెట్లు వాడుదురో పరిశీలించును. ఇతనికి మాత్రము కోఠారిగారి గ్రంథము చాలవఱకు నప్పును. పెక్కు సిద్ధాంతవ్యాసములలో ఈ నాలుగును కలగలిసి యుండును. ఏ వాక్యమునకు ఏ తీరు ఆధారము కావలెనో విడదీసి చూపుటయే పద్ధతిబోధనలో మొదటి పాఠము కావలసియుండగా, మూలపరిశోధన, అనువర్తిత పరిశోధన అను రెండు మాటల నిర్వచనములతో ఆ గంట గడచిపోవుచున్నది.

ఈ నాలుగింటిలో కొలత సులభముగ కానవచ్చును. మిక్కిలి మోసపుచ్చునది అదియే. 2009లో టాడ్ మిట్కోవిచ్ మొదలగు నలుగురు పరిశోధకులు ప్రకటించిన వ్యాసమొకటి దీనికి సాక్ష్యము. యూనిక్సు యంత్రము ప్రతి ప్రోగ్రామును నడుపునపుడు వాడుకరిపేరు మొదలగు కొన్ని పరిసర వివరములను స్మృతిలో ముందుగ నుంచును. ఆ వివరముల అక్షరముల పొడవు పెరిగినచో ప్రోగ్రాము పనిచేయు స్థలము స్మృతిలో కొంచెము జరుగును. ఆ జరుగుటచే వేగము మాఱును. ప్రోగ్రాములోని ఒక్క అక్షరమును మార్పకయే, యంత్రమును మార్పకయే, ఒకే సవరణ ఒకచోట లాభముగను ఒకచోట నష్టముగను కానవచ్చెనని వారు చూపిరి. ప్రోగ్రాము ముక్కలను కూర్చు వరుస మాఱినను అట్లే జరిగెను. కనుక ఒక విద్యార్థి తన పేరు పొడుగైన కారణముచేతనే తన ప్రోగ్రాము వేగమైనదని పొరబడుటకు వీలున్నది. ఇందెవరి దురుద్దేశమును లేదు, గ్రంథచౌర్యము లేదు, నీతిపాఠము దీనిని పట్టుకొనజాలదు. ఒకే కొలతను పలు పరిసరములలో తిరిగి తిరిగి తీసికొనుటయే దీనికి మందు.

శాస్త్రపు పెద్దలే ఈ విషయమున నిర్దోషులు గారు. 1995లో వాల్టర్ టిహీ ప్రభృతులు 400 పరిశోధనవ్యాసములను పరిశీలించి, ప్రయోగనిరూపణము అవసరమైన కంప్యూటరు వ్యాసములలో నూటికి 40 ఇంటికి అది బొత్తుగ లేదని తేల్చిరి. పోలికకు తీసికొన్న కాంతిసాంకేతిక పత్రికలో ఆ లోపము నూటికి 15 మాత్రమే. 2016లో క్రిస్టియన్ కోల్బర్గ్, టాడ్ ప్రోబ్‌స్టింగ్ అనువారు 601 వ్యాసములను చేపట్టి, ప్రోగ్రాముపై ఆధారపడిన 402 వ్యాసములకు ఆ ప్రోగ్రాములను సంపాదించి నిర్మింపజూచిరి. అరగంటలోపల నిర్మింపగలిగినవి మూడవ వంతునకు మించలేదు. ఫలితము నిజమా కాదా యనునది అటుంచి, ఫలితమునిచ్చిన వస్తువే మూడింట రెండింటికి వెంటనే చేతికందలేదన్నమాట. తిరిగి చేయుటను సూచించు పదముల విషయమున నైనను ఏకాభిప్రాయము చిరకాలము కుదురలేదు. అమెరికాలోని కంప్యూటింగు యంత్రముల సంఘము, అదే జట్టు తిరిగి చేయుట, వేఱు జట్టు అవే సాధనములతో చేయుట, వేఱు జట్టు సొంత సాధనములతో చేయుట అను మూడింటికి మూడు పేర్లు పెట్టి, 2020లో చివరి రెంటి పేర్లను ఇతర శాస్త్రములతో పొసగునట్లు తాఱుమాఱు చేసికొనవలసి వచ్చెను.

ఇక పరీక్షకు వచ్చు నీతి సంగతి. నిధుల సంఘము 2018లో గ్రంథచౌర్య నివారణకు చేసిన నిబంధనలు పోలికను శాతములలో కొలిచినవి: నూటికి 10 వఱకు దండనలేదు, 40 వఱకు ఒక మెట్టు, 60 వఱకు ఒక మెట్టు, ఆపైన కడపటిది. దొంగిలించిన వాక్యమును పట్టుటకు ఇది ఉపకరించును. ఫలితముగ కళాశాలలలో పరిశోధననీతి యనగా పోలికశాతమును 10కి దింపుట యని స్థిరపడుచున్నది. కల్పించిన అంకెకు ఏ గ్రంథముతోను పోలిక యుండదు. తప్పు కొలతకును ఉండదు. వ్రాయుయంత్రములు వచ్చిన పిమ్మట లేని గ్రంథములను పేర్కొను పూర్వవాఙ్మయ సమీక్షలు సయితము పోలికపరీక్షను సుఖముగ దాటిపోవుచున్నవి.

పద్ధతిని బోధించుటకు దృష్టాంతములు దూరదేశములనుండియే తేనక్కఱలేదు. తెలుగువారి చరిత్రలోనే మూడు సిద్ధముగ నున్నవి; పాఠ్యపత్రములలో అవి కానరాకుండుట శోచనీయము.

మొదటిది కల్యంపూడి రాధాకృష్ణ రావుగారిది. 1920లో నేటి కర్ణాటకమునందలి హూవిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, వాల్తేరున ఆంధ్రవిశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తా చేరిన రావుగారు 1944లో అచ్చట విశ్వవిద్యాలయ విద్యార్థులకు పాఠము చెప్పుచుండిరి. అంచనాల సూక్ష్మతకు ఫిషరు చెప్పిన హద్దు మిక్కిలి పెద్ద మచ్చులకు వర్తించునని చెప్పగా, వి. ఎం. దండేకర్ అను విద్యార్థి లేచి, చిన్న మచ్చులకు దానిని ఏల నిరూపింపరాదని యడిగెను. ఆ రాత్రియే రావుగారు నిరూపించిరి. 1945లో కలకత్తా గణితసంఘ పత్రికలో వెలువడిన ఆ వ్యాసఫలితమే నేడు క్రామెర్-రావు హద్దుగ లోకప్రసిద్ధము. 2023లో, ఆయన నూటరెండేండ్ల వయస్సున, సాంఖ్యకశాస్త్రపు అంతర్జాతీయ పురస్కారము లభించినపుడు పేర్కొనబడిన కృషిలో అది ముఖ్యమైనది. ఈ వృత్తాంతమును రావుగారి మేధకు తార్కాణముగ చెప్పుట పరిపాటి. బోధనదృష్టితో చూచినచో దండేకర్ ప్రశ్నయే ఎక్కువ విలువైనది. ఆయన తరువాతి కాలమున ప్రసిద్ధ అర్థశాస్త్రజ్ఞుడైనారు. పెద్దవాని ఫలితము ఎచ్చట ఆగిపోవుచున్నదో కనిపెట్టి, ఆ అంచుపై వ్రేలు పెట్టి అడిగిన ప్రశ్న అది. పరిశోధన రకములెన్ని యను పరీక్షాప్రశ్నకు జవాబు కంఠస్థము చేసిన తరగతిలో అట్టి ప్రశ్న పుట్టుట కష్టము.

రెండవది భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు ప్రథమ సంపుటము. వ్యవసాయపదముల కొఱకు పండితుల నిఘంటువులను తిరుగవేయక, ప్రాంతములవారిగ పల్లెలకు పోయి, సేద్యము చేయువారినే యడిగి, ఏ మాట ఏ ప్రాంతమున పలుకబడుచున్నదో గుర్తించి వ్రాసిన గ్రంథమది. ఒక పదము తెలుగు పదమని చెప్పుటకు అది ఎవరి నోట, ఎచ్చట వినబడినదో చెప్పవలసియుండునని ఆ గ్రంథము ఆచరణలో చూపినది. ప్రతిచయన మను మాటకు ఇంతకంటె తేటయైన వ్యాఖ్య తెలుగున దుర్లభము.

మూడవది రాజ్ రెడ్డిగారిది. చిత్తూరు మండలపు కాటూరున 1937లో జన్మించి, 1966లో స్టాన్‌ఫర్డున డాక్టరేటు పొంది, 1994లో ట్యూరింగు పురస్కారమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో పంచుకొన్న ఆయన, యంత్రమునకు మాట వినుట నేర్పిన తొలి పరిశోధకులలో నొకరు. అమెరికా రక్షణశాఖ 1971లో ఆరంభించిన వాక్‌గ్రహణ కార్యక్రమమునకు పని మొదలిడక పూర్వమే లక్ష్యము వ్రాతమూలకముగ నిర్ణయింపబడెను: వేయి పదముల పరిధిలో, పలువురు వక్తలు, నిశ్శబ్దమైన గదిలో పలికిన వాక్యములను, నూటికి పది తప్పులకు లోబడి గ్రహింపవలెను. 1976లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రెడ్డిగారి బృందమున తయారైన హార్పీ యను వ్యవస్థ 1011 పదములతో ఆ గుఱిని చేరెను. ఏది గెలుపో ఏది ఓటమియో ముందే వ్రాసియుంచుటచే, తరువాత గుఱిని జరుపుటకు ఎవరికిని అవకాశము లేకపోయెను. నిశ్శబ్దమైన గది యను షరతుకూడ దాచబడలేదు. బళేపేట వీధి నిశ్శబ్దమైన గది గాదు.

ఇట నుండి మొదటి ప్రశ్నకు, అనగా తెలుగు విను యంత్రముల అంకెలకు మఱలవచ్చును. 2022లో గూగుల్ పరిశోధకులు ఫ్లూర్స్ అను పేర 102 భాషల వాక్‌పరీక్షాసామగ్రిని ప్రకటించిరి. అందు తెలుగును కలదు. ఒక్కొక్క భాషకు సుమారు 12 గంటల పలుకు. అన్ని భాషలకు అవే వాక్యములు కావలెను గనుక, ఆంగ్లమునందలి వార్తలు, బాలల పాఠములు, యాత్రావిశేషములనుండి తీసికొన్న వాక్యములను ఆయా భాషలలోనికి అనువదించి చదివించిరి. భాషలను ఒకదానితో నొకటి పోల్చుటకు అది తగిన ఏర్పాటు. దానిని కర్తలు దాచలేదు. కాని ఆ సామగ్రిపై వచ్చిన అంకెను పట్టుకొని ఈ యంత్రము తెలుగును ఇంత బాగుగ వినునని చాటుట యుక్తము గాదు. ఆంగ్లమునుండి వచ్చిన వాక్యమును కాగితము చూచి చదువు తెలుగువాని గొంతును అది ఇంత బాగుగ వినునని చెప్పుట యుక్తము. సంతలో బేరమాడు గొంతు, మనుమనితో కన్నడము కలిపి మాటలాడు అవ్వ గొంతు ఆ 12 గంటలలో లేవు.

కొలమానమునందును చిక్కు కలదు. సాధారణముగ వాడబడునది పదదోషశాతము: మూలములోని పదములలో ఎన్ని మాఱినవి, ఎన్ని పోయినవి, ఎన్ని అదనముగ చేరినవి యని లెక్కించి మూలపదముల సంఖ్యచే భాగించుట. ఆంగ్లమున పదములమధ్య ఎడము దాదాపు స్థిరము. తెలుగున అట్లు గాదు. 'నేడు పని చేయవలసి యున్నది' అని మూలమున నాలుగు పదములుగ నుండగా, యంత్రము 'నేడు పని చేయవలసియున్నది' అని మూడుగ వ్రాసినదనుకొందము. ఒక పదము మాఱినట్లు, ఒకటి పోయినట్లు లెక్కవచ్చి, దోషము నూటికి 50 అగును. ఒక్క ధ్వనియు జాఱలేదు. అచ్చుకూర్పువాని యలవాటొకటే మాఱినది. వెలను అంకెలలో వ్రాయుట, అక్షరములలో వ్రాయుట యనుటలోను ఇదే చిక్కు. కావున రెండు యంత్రముల దోషశాతములలోని భేదము కొన్నిచోట్ల వినికిడిలోని భేదమై యుండును, కొన్నిచోట్ల ఎడములలోని భేదమై యుండును. ఈ సంగతిని తెలుగు చదువవచ్చిన విద్యార్థి ఒక్క మధ్యాహ్నములో కనుగొనగలడు. అక్షరదోషశాతమును ప్రక్కనే లెక్కించి, ఎడములను ఒకే రీతికి తెచ్చి మఱల లెక్కించి, మూడు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూపినచో అది చిన్నదైనను నిజమైన పరిశోధన.

తరువాత అతడు బళేపేటకు పోవచ్చును. అచ్చట పద్ధతి గ్రంథమునుండి లేచి యెదుట నిలుచును. ఎవరి గొంతు తీసికొనవలెను? అంగడి యజమానులదే తీసికొన్నచో మూటలు మోయువారి తెలుగు పోవును. పగలు పోయినచో ఒక గుంపు, సాయంకాలము పోయినచో ఒక గుంపు. కోలారు తెలుగు, అనంతపురపు తెలుగు, తరతరములుగ ఈ నగరముననే పెరిగిన తెలుగు, వీనిలో ఏది ఎంత పాలు ఉండవలెను? కన్నడపదము నడుమ వచ్చినపుడు దానిని తప్పుగ లెక్కింపవలెనా? గొంతు నిచ్చినవాని అంగీకారమును ఎట్లు పొందవలెను, ఎంతకాలము దాచవలెను? 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణచట్టము అంగీకారమును గూర్చి చెప్పుమాటలు విద్యార్థికి పరీక్షాంశముగ గాక, ఎదుటి అంగడివాని ముఖముగ కనబడును.

నూఱు వాక్యములు కూడెననుకొందము. అందు 20 వాక్యములను ఒక యంత్రము తప్పుగ వ్రాసినది. వేఱొక యంత్రము 24 తప్పుగ వ్రాసినది. మొదటిది మేలని విద్యార్థి వెంటనే వ్రాయును. లెక్క వేసి చూచినచో, నూఱింట ఇరువదియను ఫలితమునకు అటు ఎనిమిది, ఇటు ఎనిమిది జాఱుపాటు కలదు. నిజమైన దోషము 12 మొదలు 28 వఱకు ఎచ్చటనైన నుండవచ్చును. నూఱు స్వతంత్రవాక్యములనుండి ఇంతకంటె సూక్ష్మముగ చెప్పుట పక్షపాతములేని ఏ అంచనాకును సాధ్యము గాదని చెప్పునదే రావుగారి హద్దు. ఒకే వాక్యములను రెండు యంత్రములకును వినిపించి జతలుగ పోల్చినచో కొంత మెఱుగు. ఒకే మనిషి పది వాక్యములు చెప్పియుండినచో అవి పది స్వతంత్రసాక్ష్యములు గావు గనుక జాఱుపాటు మఱింత పెరుగును. కై-వర్గ పరీక్షను సూత్రముగ వల్లించినవానికి ఈ సందేహములు రావు. తన చెవులతో ఆ వాక్యములు విన్నవానికి వచ్చును.

దీనికి వచ్చు ఆక్షేపణలు తేలికైనవి గావు. కళాశాలలలో ఒక్కొక్క తరగతికి అఱువదిమందికి పైగ విద్యార్థులు. గురువునకు ఇతర పాఠములు. విశ్వవిద్యాలయపు పరీక్ష యందఱకు నొకటే. అఱువదిమంది వీధిపై పడినచో అంగడివారు సహింపరు. ఈ కడపటి మాట నిజమే. వాక్యసేకరణకు ఒక చిన్న జట్టు పోయిన చాలును. తక్కిన వారికి సంఖ్యయే సాయము. అఱువదిమందియు ఒకే యంత్రమును ఒకే సామగ్రిపై తమ తమ కంప్యూటరులలో పరీక్షించినచో అఱువది అంకెలు వచ్చును. అవి అన్నియు ఒకటిగ నుండవు. ఏల ఉండలేదని విచారించుట ఒక నెల పాఠమునకు చాలును. మిట్కోవిచ్ ప్రభృతులు చూపిన చిక్కులలో కొన్ని ఆ గదిలోనే బయటపడవచ్చును.

కాలమెక్కడిదందురేని, మేధాసంపత్తికి కేటాయించిన మూడు భాగములను ఒకటిగ కుదించిన చాలును. పేటెంటు చట్టము అనవసరమని చెప్పుట కాదు. భారతీయ పేటెంటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును దానంతట దానికే పేటెంటునకు అర్హముగ నంగీకరింపదు. కంప్యూటరు విద్యార్థికి ముఖ్యముగ తెలియవలసిన ఆ సంగతిని, గ్రంథస్వామ్యముతోను, ఇతరులు వాడుకొనుటకు విడిచిన ప్రోగ్రాముల షరతులతోను గలిపి ఒక భాగమున చెప్పవచ్చును. పరీక్షాపత్రమున పరిశోధన నిర్వచింపుము అను ప్రశ్నకు మారుగ, అచ్చైన వ్యాసమునుండి ఒక ఫలితపు పట్టికను ముద్రించి, దీనినుండి ఏమి చెప్పవచ్చును, ఏమి చెప్పరాదు, చెప్పుటకు ఇంకేమి కావలెను అని యడుగవచ్చును. అట్టి జవాబులను దిద్దుట గురువులకు శ్రమ. నిర్వచనములను దిద్దునట్లు వరుసగ గీతలు గీచుకొని పోవుటకు వీలుపడదు. కనుక విద్యార్థులకంటె ముందు, ఒక వేసవి సెలవులో, ఆ పాఠము చెప్పవలసిన గురువులే పదిమంది కూడి, ఒక తెలుగు యంత్రపు దోషశాతమును తమ చేతులతో కొలిచి, తమ అంకెలు ఒకదానితో నొకటి సరిపోవునో లేదో చూచుకొనవలసి యున్నది.